జపాన్ ఫ్లోట్‌ప్లేన్ దళాల చరిత్ర వెతుకుతున్నారా? ఏ రికార్డు ముందు తెరవాలి, ఏది తర్వాత

1941 డిసెంబర్ 7. జపాన్ ఓడలు ఎటు వెళ్తున్నాయో కనిపెట్టి రమ్మని సింగపూర్‌లోని సెలెటార్ నుంచి పంపిన కాటలినా విమానం ఒకటి తిరిగి రాలేదు. రాయల్ ఎయిర్ ఫోర్స్ 205వ స్క్వాడ్రన్‌ది అది. బ్రిటిష్ కాగితాలు మాత్రమే చదివితే కథ అక్కడే ఆగిపోతుంది: వెళ్లింది, రాలేదు. మిగతా సగం జపాన్ కాగితాల్లో ఉంది. మలయా వైపు వెళ్తున్న సైనిక కాన్వాయ్‌కి కాపలా కాస్తున్న ఫ్లోట్‌ప్లేన్ ఒకటి ఆ కాటలినాను పట్టుకుని కాల్పులు జరిపింది. ఆ ఫ్లోట్‌ప్లేన్ కామికావా మారు అనే ఓడది. ఆ తర్వాత జపాన్ ఆర్మీ ఫైటర్లు వచ్చి కాటలినాను కూల్చేశాయి. సిబ్బందిలో ఎవరూ బతకలేదు. అప్పటికి పెర్ల్ హార్బర్ మీద ఇంకా ఒక్క బాంబూ పడలేదు.

ఈ సబ్జెక్టులో కొన్నేళ్లు తిరిగాక నాకు మిగిలిన లెక్క ఒకటే. ఎంత పోయిందో పోగొట్టుకున్నవాడి కాగితం చెబుతుంది. ఎలా పోయిందో చాలాసార్లు ఎదుటివాడి కాగితం చెబుతుంది. కాబట్టి ఏ ఆర్కైవ్‌కి ఎన్ని మార్కులు అని లెక్కలు వేయడం దండగ. మీ ప్రశ్న ఏమిటో చూసుకుని, దానికి సరిపోయే తలుపు తట్టాలి.

ఫ్లోట్‌ప్లేన్ అంటే చక్రాల చోట పడవల్లాంటి ఫ్లోట్లు ఉన్న విమానం. రన్‌వే అక్కర్లేదు, ప్రశాంతమైన నీళ్లుంటే చాలు. పసిఫిక్‌లో దీవులు వేలల్లో ఉన్నాయి, రన్‌వేలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందుకే జపాన్ నేవీ వీటిని మిగతా దేశాలకంటే ఎక్కువగా నమ్ముకుంది. క్రూజర్ల మీద, సీప్లేన్ టెండర్ల (నీటి విమానాలను మోసుకెళ్లే ఓడల) మీద, ఏదో ఒక దీవి పక్కనున్న అఖాతంలో నాలుగు గుడారాల మధ్య, జలాంతర్గాముల్లో కూడా వీటిని పెట్టుకున్నారు. 1942 సెప్టెంబర్ 9న నొబువో ఫుజితా ఐ-25 జలాంతర్గామి నుంచి ఎగిరి అమెరికాలోని ఒరెగాన్ అడవుల మీద బాంబులు వేసింది ఇలాంటి చిన్న విమానంతోనే. ఇలా ముక్కలుముక్కలుగా చెదిరి ఉండటమే పరిశోధకుడికి తలనొప్పి. విమానవాహక నౌకకు ఒక ఫైలు ఉంటుంది, దాంట్లో అన్నీ దొరుకుతాయి. ఫ్లోట్‌ప్లేన్ దళం ఈ నెల ఒక ఓడ పేరుతో, వచ్చే నెల ఒక స్థావరం పేరుతో, ఆ పై నెల ఒక నంబరుతో కనిపిస్తుంది.

కోదో చోషో: జపనీస్ రాకపోయినా ముందు దీన్నే తెరవండి

టోక్యోలో జకార్ అనే సంస్థ ఉంది. జపాన్ నేషనల్ ఆర్కైవ్స్ కింద 2001లో మొదలైంది. ఆసియా చరిత్రకు సంబంధించిన జపాన్ ప్రభుత్వ పత్రాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతుంది. ప్రతి ఫైలుకూ ఒక రిఫరెన్స్ కోడ్ ఉంటుంది. సి అక్షరంతో మొదలైతే అది రక్షణ శాఖ పరిశోధనా సంస్థ దగ్గరున్న సైనిక పత్రం. మనకు కావలసినవన్నీ దాదాపు ఈ సి గుంపులోనే ఉంటాయి.

అందులోనూ మూడు రకాలున్నాయి. నెలవారీ యుద్ధ డైరీలు, ఒక్కో పోరాటం మీద రాసిన వివరమైన నివేదికలు, కోదో చోషో. ఈ మూడోది విమాన దళాలు ఏ రోజు ఏం చేశాయో గళ్లు గీసిన ఫారంలో చేత్తో నింపిన రికార్డు. నా ఓటు దీనికే. కారణం చాలా మామూలుది: అది ఫారం. కథ అయితే భాష రావాలి. ఫారం అయితే ఏ గడిలో ఏముంటుందో ఒకసారి తెలుసుకుంటే చాలు. రైల్వే రిజర్వేషన్ చార్ట్ చదవడానికి హిందీ పండితుడు కానక్కర్లేదు కదా, అలాగే.

ఒక పేజీ దగ్గరగా చూద్దాం. పైన తేదీ, అప్పగించిన పని: కాన్వాయ్ కాపలా, జలాంతర్గాముల కోసం గాలింపు, నిఘా. తర్వాత విమానాలు వరసగా. ఒక్కో విమానానికి ఎదురుగా సిబ్బంది పేర్లు, హోదాలు. ఆ పక్కన బయల్దేరిన టైమ్, తిరిగొచ్చిన టైమ్, కాల్చిన తూటాలు, వేసిన బాంబులు, తగిలిన దెబ్బలు. ఇప్పుడు పేర్లు లెక్కపెట్టండి. ఒక విమానానికి మూడు పేర్లుంటే అది చాలావరకు ఐచి ఈ13ఎ, అమెరికన్లు జేక్ అన్నది. రెండు పేర్లుంటే మిత్సుబిషి ఎఫ్1ఎం బైప్లేన్, అంటే పీట్, లేదా దానికంటే పాతదైన నకజిమా ఈ8ఎన్. ఒక్క పేరే ఉంటే జీరో ఫైటర్‌కి ఫ్లోట్లు తగిలించి చేసిన ఎ6ఎం2-ఎన్, రూఫ్. విమానం రకం రాసిన గడి మసకబారి కనిపించకపోయినా, పేర్ల లెక్కతోనే నేను చాలాసార్లు బయటపడ్డాను.

మూడు పేర్లలో పైలట్ పేరే నాయకుడిదని అనుకోకండి. జపాన్ నేవీలో వెనక సీటులో కూర్చున్న పరిశీలకుడు పైలట్ కంటే పెద్ద హోదాలో ఉండటం, విమానం కమాండ్ అతని చేతిలో ఉండటం మామూలే. అమెరికన్ అలవాటుతో చదివి ‘ఫలానా పైలట్ నాయకత్వంలో’ అని రాసేసినవాళ్లు కొందరు కాదు.

నష్టాల గడిలో రెండు మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. మికికాన్ అంటే తిరిగి రాలేదు, ఏమైందో ఎవరూ చూడలేదు. జిబాకు అంటే అక్షరాలా ‘తనను తాను పేల్చుకోవడం’. ఆటోమేటిక్ అనువాదంలో ఇది ఆత్మాహుతి అని వస్తుంది, చదివినవాళ్లు కమికాజె అనుకుని ఉలిక్కిపడతారు. 1942 నాటి ఫారంలో ఆ మాటకు అంత అర్థం లేదు. విమానం పడిపోతుండగా తోటివాళ్లు చూశారని మాత్రమే. ఈ తేడా పట్టుకుంటే శత్రువు చెప్పిన కథతో పోల్చడం తేలికవుతుంది. జిబాకు అని ఉంటే సాక్షి ఉన్నాడు, మికికాన్ అని ఉంటే సాక్షి అవతలి వైపే దొరకాలి.

ఇక దీని లోపాలు. 1945 ఆగస్టులో లొంగిపోయే ముందు కాగితాలు కాల్చేయమని ఆదేశాలు వెళ్లాయి. మిగిలినవాటిలో చాలావాటిని అమెరికన్లు పట్టుకెళ్లి 1958లో తిరిగిచ్చారు. అందుకే 1941 నుంచి 1943 దాకా ఫర్వాలేదు గానీ, 1944 దాటాక ఫ్లోట్‌ప్లేన్ దళాల ఫారాలు బాగా పల్చబడతాయి. ఒక దళం కాగితాలు మొత్తం ఉండి, దాని పక్క దళానివి ఒక్క పేజీ కూడా లేకపోవడం మామూలే.

రెండో లోపం పేర్లు. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. సరకు ఓడలను మార్చి సీప్లేన్ టెండర్లుగా వాడినవాటిలో కామికావా మారు, కియోకావా మారు, కిమికావా మారు, కునికావా మారు అని నాలుగున్నాయి. అన్నీ ఒకే షిప్పింగ్ కంపెనీవి. కామికావా గురించి వెతుకుతూ, మూడు రాత్రులు కియోకావా ఫైలు చదివి నోట్సు రాసుకున్నాను. తేదీలు ఎక్కడా కలవకపోతే, బహుశా రికార్డే తప్పేమో అని కూడా అనుకున్నాను. తప్పు రికార్డుది కాదు. అప్పటి నుంచి ఓడ పేరును జపనీస్ వికీపీడియా నుంచి అక్షరాలతో సహా కాపీ చేసి, సెర్చ్ బాక్సులో పెడుతున్నాను. ఇంగ్లీషులో వెతకాల్సి వస్తే ‘మారు’ని విడిగా ఒకసారి, కలిపి ఒకసారి కొట్టి చూడండి.

మూడోది 1942 నవంబర్ 1. ఆ తేదీని కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. ఆ రోజు జపాన్ నేవీ విమాన దళాలకు పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చారు. యోకోహామా దళం 801 అయింది, తోకో దళం 851, 14వ దళం 802, కిస్కా దీవిలో రూఫ్‌లు నడిపిన 5వ దళం 452. వాళ్లే మనుషులు, అదే అఖాతం, పేరు మాత్రం వేరు. చాలదన్నట్టు హోదాల పేర్లూ అదే రోజు మారాయి. అక్టోబర్‌లో ‘నిహిసో’, అంటే రెండో తరగతి, అని రాసినవాడు నవంబర్‌లో ‘ఇప్పిసో’, అంటే ఒకటో తరగతి అవుతాడు. ప్రమోషన్ రాలేదు, బోర్డు మారింది అంతే. అక్టోబర్ ఇప్పిసో నవంబర్‌లో ‘జోహిసో’, అంటే పై తరగతి. ఇది తెలియక ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెట్టడం చాలా తేలిక.

సెన్షి సోషో: దారి చూపే మ్యాపు, సాక్షి కాదు

జపాన్ రక్షణ శాఖ యుద్ధ చరిత్ర విభాగం 1966 నుంచి 1980 దాకా 102 సంపుటాలుగా తెచ్చిన అధికారిక చరిత్ర ఇది. పరిశోధనా సంస్థ వెబ్‌సైట్‌లో స్కాన్ కాపీలు ఉన్నాయి. ఫలానా నెలలో ఏ దళం ఎవరి కింద పనిచేసింది, ఎక్కడ నుంచి ఎక్కడికి మారింది అన్న ప్రశ్నకు దీనికి సాటి లేదు.

షార్ట్‌లాండ్ దీవుల సంగతే తీసుకోండి. సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో అమెరికన్లు దిగాక, 1942 ఆగస్టు చివర్లో జపాన్ వాళ్లు చితోసె, కామికావా మారు, సాన్యో మారు, సనుకి మారు ఓడల విమానాలన్నిటినీ ఒక్కచోటికి చేర్చి ‘ఆర్ ప్రాంత వైమానిక దళం’ అని పేరు పెట్టారు. రియర్ అడ్మిరల్ తకత్సుగు జోజిమా దానికి అధిపతి. షార్ట్‌లాండ్ వాళ్ల ఇల్లు, శాంతా ఇసబెల్ దీవిలోని రెకాతా అఖాతం ముందు పోస్టు. ఈ అమరిక తెలియకుండా కోదో చోషో తెరిస్తే, కామికావా మారు ఫారంలో ఉన్న మనిషి సాన్యో మారు మనిషితో కలిసి ఎందుకు ఎగురుతున్నాడో అర్థం కాదు. సెన్షి సోషోలో రెండు పేజీలు చదివితే అంతా కుదురుకుంటుంది.

అయితే ఒక్కో విమానం గురించి, ఒక్కో సిబ్బంది గురించి దీనికి పట్టదు. పైగా పైస్థాయి అధికారుల కోణం నుంచి రాసినది. నేను దీన్ని ఊరి పేర్లు, దార్లు చూసుకోవడానికి వాడతాను. ఎవరు చనిపోయారో తేల్చడానికి వాడను.

జపనీస్ చదవలేనివాళ్లకు ఒక శుభవార్త ఉంది. 26వ సంపుటం ఇంగ్లీషు అనువాదం 2018లో లైడెన్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. డచ్ ఈస్టిండీస్‌లోనూ బంగాళాఖాతంలోనూ జపాన్ నేవీ ఏం చేసిందో అందులో ఉంది. బంగాళాఖాతం అన్న మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

అమెరికన్ కాగితాలు: దొరకడం సులువు, నమ్మడం కష్టం

అమెరికన్ నేవీ యుద్ధ డైరీలు, యాక్షన్ రిపోర్టులు నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఉచితంగా చూడొచ్చు. ఫోల్డ్3 అనే చందా సైట్‌లోనూ ఉన్నాయి. టైప్ చేసిన ఇంగ్లీషు, శుభ్రమైన పేజీలు, సెర్చ్ పనిచేస్తుంది. చాలామంది ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ఆగిపోతారు. అసలు సమస్య అదే.

ఎందుకంటే, గాలిలో మూడు సెకన్లు కనబడిన విమానాన్ని పైలట్ ‘ఫ్లోట్ జీరో’ అనేస్తాడు. అది నిజంగా రూఫా, పీట్ బైప్లేనా, జేకా? పొద్దున్నే ఎండ కళ్లలో పడుతుంటే ఎవరికి తెలుస్తుంది? ఎన్ని కూల్చామన్న లెక్క సరేసరి. ఇద్దరు ఒకే విమానాన్ని కాలిస్తే ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, భయం, వేగం, పొగ ఉన్నాయి. జపాన్ వాళ్ల క్లెయిములూ ఇంతే, ఒక్కోసారి ఇంతకన్నా ఎక్కువే.

1942 నవంబర్ 7 చూడండి. గ్వాడల్‌కెనాల్ వైపు వస్తున్న జపాన్ డిస్ట్రాయర్లకు పైనుంచి ఫ్లోట్‌ప్లేన్లు కాపలా కాస్తున్నాయి. అమెరికన్ మెరైన్ స్క్వాడ్రన్ వీఎంఎఫ్-121కి చెందిన జో ఫాస్ వాటితో తలపడ్డాడు. ఒక బైప్లేన్ వెనక సీటు గన్నర్ కాల్చిన తూటాలు తన విమానానికి తగిలి, మలైతా దీవి దగ్గర సముద్రంలో దిగాల్సి వచ్చింది. అతను ఎక్కడ పడ్డాడు, ఎలా బయటపడ్డాడు అన్నది అమెరికన్ రికార్డులో నుంచి తీసుకోండి, కళ్లు మూసుకుని తీసుకోండి. ఆ రోజు జపాన్ వాళ్లవి ఎన్ని రూఫ్‌లు, ఎన్ని పీట్‌లు పోయాయి అన్న ప్రశ్నకు మాత్రం అదే పేజీ నుంచి జవాబు రాయకండి. దానికి ఆ దళాల కోదో చోషో తెరవాలి. ఆ రోజు ఎగిరిన దళాలు రెండు మూడు ఓడలవి అయ్యుండొచ్చు కాబట్టి, ఒక్క ఫైలుతో ఆగకూడదు.

మరి అమెరికన్ కాగితం ఎప్పుడు మొదటి ఎంపిక? జపాన్ వైపు రాసేవాడే మిగలనప్పుడు. 1942 ఆగస్టు 7న తులాగి దగ్గర నీళ్లలో ఆగి ఉన్న యోకోహామా దళం ఫ్లయింగ్ బోట్లను (ఫ్లోట్లతో కాక, పడవలాంటి ఒడలితోనే నీళ్ల మీద దిగే పెద్ద విమానాలను), రూఫ్‌లను అమెరికన్ విమానవాహక నౌక వాస్ప్ విమానాలు తెల్లవారుతూనే తగలబెట్టాయి. దళం కమాండర్ కెప్టెన్ మియజాకితో సహా అక్కడున్నవాళ్లలో దాదాపు అందరూ ఆ రెండు మూడు రోజుల్లో చనిపోయారు. అలాంటి రోజుకి ఫారం నింపేవాడెవరు? వాస్ప్ రిపోర్టు, దిగిన మెరైన్ల రిపోర్టులే గతి.

ఒక తెలివైన చిట్కా ఏమిటంటే, క్లెయిము మీద కాకుండా టైమ్ మీద, చోటు మీద దృష్టి పెట్టడం. పైలట్ లెక్కలు తప్పొచ్చు, ఓడ లాగ్‌బుక్‌లో గడియారం మాత్రం అంత తేలిగ్గా తప్పదు. కాకపోతే రెండు గడియారాలూ ఒకే టైమ్ చూపించవు. జపాన్ నేవీ ఎక్కడున్నా టోక్యో టైమే వాడింది. గ్వాడల్‌కెనాల్‌లో అమెరికన్ ఉదయం 7 గంటలు జపాన్ కాగితంలో 5 గంటలు. మిడ్‌వే దగ్గర తేదీ కూడా మారిపోతుంది. తోనె క్రూజర్ నాలుగో నంబరు విమానం అరగంట ఆలస్యంగా లేచి, చివరికి అమెరికన్ ఓడలను కనిపెట్టిన టైమ్ అమెరికన్ పుస్తకాల్లో 1942 జూన్ 4 ఉదయం 7:28. టోక్యో లెక్కలో జూన్ 5 తెల్లవారుజాము 4:28. ఎక్సెల్ షీట్‌లో రెండు కాలమ్‌లు పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. నేను మొదట పెట్టుకోలేదు. తర్వాత మొత్తం తిరగరాసుకోవడానికి ఒక దసరా సెలవలు పట్టింది.

ఆస్ట్రేలియా తలుపు

దీన్ని తక్కువ అంచనా వేస్తారు. న్యూగినీ, రబౌల్, అంబోన్, సాలమన్స్ మీద మీ ఆసక్తి ఉంటే అమెరికా కంటే ముందు ఇక్కడికి రండి. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఎ9186 అనే సిరీస్ ఉంది. అందులో ఆస్ట్రేలియా ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులుంటాయి, స్కాన్ అయినవి ఇంట్లో కూర్చుని ఉచితంగా చదవొచ్చు. ఫ్లోట్‌ప్లేన్లతో ఎక్కువగా తలపడింది నిఘాకి వెళ్లిన కాటలినాలు, హడ్సన్‌లే. ఆ ఎన్‌కౌంటర్లు ఈ ఫారాల్లో పొడిగా, రెండు ముక్కల్లో దొరుకుతాయి. ఆ పొడితనం నాకు ఇష్టం.

రెండోది, 1942 సెప్టెంబర్‌లో బ్రిస్బేన్‌లో ఏర్పడిన ఎటిస్ అనే అనువాద విభాగం. చనిపోయిన సైనికుల జేబుల్లో దొరికిన డైరీలు, కూలిన విమానాల్లో దొరికిన కాగితాలు, ఖైదీల వాంగ్మూలాలు అన్నిటినీ అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చింది. జపాన్‌లో అసలు కాపీ కాలిపోయినా, ఇక్కడ అనువాదం మిగిలి ఉండొచ్చు. ఒకటే జాగ్రత్త. జపాన్ పేర్ల అక్షరాలను ఎన్నో రకాలుగా పలకొచ్చు. తొందరలో ఉన్న అనువాదకుడు ఒకటి ఎంచుకుని రాసేశాడు. ఎటిస్‌లో కనబడిన పేరు కోదో చోషోలో కనబడకపోతే మనిషి లేడని కాదు, పలికింది వేరే అని.

విమానాలకు జేక్, పీట్, రూఫ్, డేవ్ లాంటి పేర్లు పెట్టింది కూడా ఆస్ట్రేలియాలోనే. టెన్నెసీ నుంచి వచ్చిన ఫ్రాంక్ మెకాయ్ అనే అమెరికన్ అధికారి 1942లో ఈ పద్ధతి మొదలుపెట్టాడు. ఫైటర్లకూ ఫ్లోట్‌ప్లేన్లకూ మగ పేర్లు, బాంబర్లకూ ఫ్లయింగ్ బోట్లకూ ఆడ పేర్లు. జపాన్ పద్ధతి వేరు. వాళ్ల పంచాంగంలో 2600వ సంవత్సరం, అంటే 1940, నేవీలోకి వచ్చినవన్నీ ‘జీరో టైప్’. కాబట్టి జపాన్ కాగితంలో జీరో అని కనబడగానే ఫైటర్ అనుకోవద్దు. జేక్ కూడా జీరో టైపే, పీట్ కూడా జీరో టైపే. నిజానికి ఫ్లోట్ల జీరో ఫైటర్ మాత్రం వాళ్ల లెక్కలో ‘రెండో టైప్’, ఎందుకంటే అది 1942ది. తమాషా కాదు, సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

మిగతావి, త్వరగా

యుద్ధం అయిపోగానే అమెరికన్లు జపాన్ అధికారులను కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నోత్తరాలు 1946లో అచ్చయ్యాయి. చదవడానికి బాగుంటాయి. కానీ ఎదురుగా గెలిచినవాడు కూర్చుని ఉండగా, చేతిలో కాగితం లేకుండా జ్ఞాపకం మీద చెప్పినవి. ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నారో తెలుసుకోవడానికి వాడండి, అంకెల కోసం వద్దు. మాజీ అధికారుల చేత రాయించిన జపనీస్ మోనోగ్రాఫ్‌లకూ ఇదే మాట. పట్టుబడిన రహస్య సందేశాల అనువాదాలు బంగారమే, కానీ సముద్రం. దళం పేరు, తేదీ పక్కాగా తెలిశాక మాత్రమే అందులో దిగండి. లేదంటే మునిగిపోతారు.

ఇంటర్నెట్‌లో ఓడల రోజువారీ కదలికలు కూర్చిపెట్టిన కంబైన్డ్ ఫ్లీట్ లాంటి సైట్లు మొదటి గంటకు చాలా పనికొస్తాయి. ఓడ ఏ రోజు ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే. అక్కడ ఆగకుండా, ఆ తేదీ పట్టుకుని జకార్‌కి వెళ్లండి. మోడల్ విమానాలు చేసేవాళ్ల పుస్తకాల్లో రంగులు, తోక నంబర్ల మీద శ్రద్ధ చరిత్రకారుల కంటే ఎక్కువ. ఫొటోలో తోక నంబర్ కనిపిస్తే వాళ్లనే అడగండి. సముద్రం అడుగునున్న శిథిలాలు కూడా సాక్ష్యమే. పలావులో జేక్ ఒకటి డైవర్లు చూసొచ్చేంత చక్కగా నీళ్ల కింద ఉంది. కానీ శిథిలం విమానం రకం చెబుతుంది గానీ, అది ఏ దళందో ఎప్పుడూ చెప్పదు.

మీ పరిస్థితికి ఏది?

ఒక్క వారాంతమే ఉంది, జపనీస్ రాదు అనుకోండి. ఒక ఓడను ఎంచుకోండి, దళాన్ని కాదు. కామికావా మారు మంచి మొదలు, ఎందుకంటే మలయా నుంచి సాలమన్స్ దాకా అది లేని చోటు తక్కువ, 1943 మే చివర్లో స్కాంప్ అనే అమెరికన్ జలాంతర్గామి చేతిలో మునిగిపోయింది కాబట్టి కథకు హద్దు ఉంది. కదలికల సైట్‌లో ఒక తేదీ పట్టుకుని, జకార్‌లో ఆ నెల కోదో చోషో తీసి, ఒకే ఒక్క పేజీ ఫోన్ అనువాద యాప్‌తో కుస్తీ పట్టండి. చేతిరాతను ఆ యాప్ సగం తప్పు చదువుతుంది. అంకెలు, తేదీలు మాత్రం మీరే చదవగలరు. ఒక్క పేజీ అర్థమైతే వంద పేజీలు అర్థమైనట్టే.

జపాన్ పైలట్ కూల్చిన బంధువు కోసమో, ఊరి మనిషి కోసమో వెతుకుతున్నారనుకోండి. అప్పుడు ఆ మనిషి పనిచేసిన దేశం రికార్డుతో మొదలుపెట్టండి. తేదీ, చోటు, టైమ్ అక్కడ తేల్చుకున్నాక, టోక్యో టైమ్‌లోకి మార్చి, అవతలి వైపు వెతకండి. తిరగేసి చేస్తే, ఆ వారం ఆ ప్రాంతంలో ఎగిరిన ప్రతి ఫ్లోట్‌ప్లేన్ మీకు హంతకుడిలాగే కనిపిస్తుంది.

1944 ఫిలిప్పీన్స్, జుయిఉన్ అనే ఫ్లోట్‌ప్లేన్లు నడిపిన 634 దళం లాంటివి మీకు కావాలంటే, జపాన్ ఫారాల మీద ఆశ తక్కువగా పెట్టుకోండి. అక్కడ అమెరికన్ రిపోర్టులు, సందేశాల అనువాదాలు ముందు.

డబ్బు విషయం చెప్పాలంటే, చందా కట్టాల్సిన అవసరం మొదటి ఏడాది రాదు. ఉచితంగా దొరికేదే చదివి ముగించలేం. టోక్యో ఇచిగాయాలోని పరిశోధనా సంస్థ రీడింగ్ రూమ్‌కి వెళ్లాలనే కోరిక అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. ఆన్‌లైన్‌లో లేదని కోడ్‌తో సహా తేల్చుకున్నాకే టికెట్ కొనండి.

ఇక బంగాళాఖాతం. ఈ సబ్జెక్ట్ గురించి మాట్లాడినప్పుడల్లా విశాఖ వాళ్లు, కాకినాడ వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: 1942 ఏప్రిల్ 6న మన మీద బాంబులు వేసింది ఇలాంటి నీటి విమానాలేనా అని. కాదు. ఆ రెండు చోట్లా బాంబులు వేసింది ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన చక్రాల విమానాలు. అడ్మిరల్ ఓజవా దళంలో దానితోపాటు చోకై, మొగామి లాంటి క్రూజర్లు వచ్చాయి. వాటి మీద ఫ్లోట్‌ప్లేన్లు ఉన్నాయి, వాటి పని నిఘా. ఆ కొద్ది రోజుల్లో ఆ దళం మన తీరం వెంట 20కి పైగా సరకు ఓడలను ముంచింది. విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో అప్పటి జపాన్ బాంబు ఒకటి చూడొచ్చు. దాని వెనక కథ కావాలంటే, పైన చెప్పిన వరస అంతా ఇక్కడా పనిచేస్తుంది: ముందు 26వ సంపుటం అనువాదంలో ఏ ఓడ ఎటు వెళ్లిందో చూసుకోండి, తర్వాత జకార్‌లో ర్యూజో కోదో చోషో కోసం వెతకండి, రేవులో ఏం దెబ్బతిన్నదో మాత్రం బ్రిటిష్ కాగితాల్లో చూడండి. మన టైమ్‌కి మూడున్నర గంటలు కలిపితే టోక్యో టైమ్. యుద్ధకాలంలో ఇండియా గడియారాలు కొన్నాళ్లు గంట ముందుకు జరిగాయి కాబట్టి, ఏ కాగితం ఏ టైమ్ వాడిందో ముందు చూసుకోండి.